సహవాసానికి దూరమవుతున్న తమ్ముణ్ణి ఎలా నిలబెట్టుకోవాలి?

యువజన_సేవ:
అందరికీ వందనాలు. మా యూత్ గ్రూపులో ఒక తమ్ముడు ఆరాధనకు రావడం బాగా తగ్గించేశాడు. ఫోన్ చేస్తే "పనుందన్నా" అని పెట్టేస్తున్నాడు. నలుగురం కలిసి ఇంటికెళ్లి మాట్లాడదామని మిగతావాళ్లు అంటున్నారు. వెళ్లొచ్చా? వెళ్తే ఏం మాట్లాడాలి?

ఆలివ్_కొమ్మ:
నలుగురు వద్దు బ్రదర్. గుమ్మంలో అంతమంది కనబడితే విచారణకొచ్చారనుకుంటాడు. చనువున్న ఒక్కరు చాలు. "ఎందుకు రావట్లేదు?" అని మొదలుపెడితే సాకే వస్తుంది. నిద్ర పడుతోందా, ఉద్యోగం ఎలా ఉంది అని అడిగి ఊరుకోండి. అతను రెండు ముక్కలు చెప్పేలోపే బైబిలు వాక్యం అందుకోవడం మనవాళ్లకు బాగా అలవాటు, అక్కడే నోరు మూసేసుకుంటాడు.

ముందు సంగతేంటో తేల్చుకోవాలి. బైబిల్లో 1 థెస్సలొనీక 5:14లో అపొస్తలుడు పౌలు అందరికీ ఒకే మందు రాయలేదు. అక్రమంగా నడిచేవారికి బుద్ధి, ధైర్యం చెడినవారికి ధైర్యం, బలహీనులకు ఊత. కుంగినవాడికి బుద్ధి చెబితే ఇంకా కుంగుతాడు. ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు (1 రాజులు 19) దూత రెండుసార్లు తట్టి లేపి తినమన్నాడు. "ఇక్కడ ఏం చేస్తున్నావు?" అని దేవుడు అడిగింది హోరేబు కొండ చేరాకే.

బెరయవాసి:
నిజమే గానీ, పాపమని స్పష్టంగా తెలిశాక మెత్తగా దాటేయడం కూడా ప్రేమ కాదు. అప్పుడు మత్తయి 18:15-17 వరుస పాటించాలి: ముందు ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరితో, అప్పటికీ వినకపోతే సంఘానికి. చాలాచోట్ల ఇది తలకిందులవుతుంది. ముందు వాట్సాప్ గ్రూపులో "ఫలానా తమ్ముడు పడిపోయాడు, ప్రార్థించండి" అని వచ్చేస్తుంది. ప్రార్థన మనవి ముసుగులో చాడీ అది. మీకు తెలిసింది అతను రావట్లేదన్న సంగతి ఒక్కటే కాబట్టి, మత్తయి 18ని ఇప్పుడే బయటకు తీయకండి.

సందేహాలైతే దారి వేరు. యూదా పత్రిక 22వ వచనం వాళ్లపై కనికరం చూపమంటుంది. ప్రశ్నలన్నీ రాయించి, ఎక్కువగా వేధించేది ఒక్కటే తీసుకోండి. జవాబు తెలియకపోతే తెలియదనండి, ఎప్పుడు చెబుతారో రోజు చెప్పి ఆ రోజు తప్పకండి. యేసు తిరిగి లేచాడంటే నమ్మనని శిష్యుడైన తోమా తెగేసి చెప్పినా, ఎనిమిది దినాల తర్వాత మిగతా శిష్యులతోనే ఉన్నాడు (యోహాను 20:26). ఎవరూ గెంటేయలేదు.

యువజన_సేవ:
సరే, నేనొక్కడినే వెళ్తాను. నోరు విప్పితే ఆ తర్వాత? ఒకసారి కలిసి వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుందేమో.

ఆలివ్_కొమ్మ:
వారానికోసారి, అరగంట, మీరిద్దరే. (చెల్లెళ్ల విషయమైతే ఒక సిస్టర్ వెళ్లాలి.) మార్కు సువార్త మంచిది, 16 అధ్యాయాలే. రోజుకొకటి ఎవరికి వారు చదవండి. కలిసినప్పుడు మూడే ప్రశ్నలు: ఏం చదివావు, ఎక్కడ తడబడ్డావు, దేనికోసం ప్రార్థించమంటావు? ఇవే ప్రశ్నలకు మీరూ జవాబివ్వాలి. యాకోబు 5:16 ఒప్పుకోమన్నది ఒకరితో ఒకరిని. మీరు అడగడం, అతను చెప్పడం మాత్రమే అయితే అది హాజరు పట్టీ అవుతుంది, కొన్నాళ్లకు మీకు నచ్చే జవాబులే వస్తాయి.

ఒక వారం రాకపోతే లెక్క అడక్కుండా తర్వాతి వారానికి పిలవండి.

బెరయవాసి:
ఇంకొకటి. "ఎవరికీ చెప్పను" అని గుడ్డిగా మాటివ్వకండి. చనిపోవాలనిపిస్తోందన్నా, ఇంట్లో కొడుతున్నారన్నా దాచలేనని మొదటి రోజే చెప్పండి. అలాంటిది బయటపడితే అతన్ని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే డాక్టరు దగ్గరికో సహాయం చేయగలిగినవాళ్ల దగ్గరికో తీసుకెళ్లండి. ప్రార్థన ఉంది కదా అని వాయిదా వేయకండి.