అప్‌డేట్: ఇంట్లో రోజూ కీర్తన పాడటం గురించి

ఆదివారం చర్చిలో తప్ప ఇంట్లో ఎవరం పాడట్లేదు, ఎలా అలవాటు చేసుకోవాలి అని మూడు నెలల క్రితం అడిగాను కదా. కుటుంబ ప్రార్థనలో వారమంతా ఒకే కీర్తన పాడమన్న సలహా పనిచేసింది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనతో మొదలుపెట్టాం. మొదటి వారం ఘోరం! కీర్తనల పుస్తకంలో పల్లవికి పైన రాగం, తాళం వేసి ఉంటాయి గానీ, ఆదితాళం అంటే ఏంటో మాకెవరికి తెలుసు? అత్తయ్యగారే తొడ మీద చరుస్తూ చూపించారు. చరణాలన్నీ పాడాలన్న పట్టుదల మానేశాం, రెండు చాలు. నిన్న పొద్దున మావాడు బూట్ల లేసులు కట్టుకుంటూ పల్లవి తనంతట తానే అందుకున్నాడు, సగం మాటలు తప్పే. మా ఆయన మాత్రం ఇంకా పెదాలే కదుపుతున్నారు.