సమస్య: కోడిగుడ్డు చెట్టుకొమ్మఁ గాసె

నిర్వాహకుడు: బేకరీలో పక్కన నిలబడ్డ పెద్దాయన ఎగ్ పఫ్ కొరుకుతూ, “నేను పక్కా వెజ్ అండీ. ఫారం గుడ్డులో పిల్ల రాదు, చెట్టున కాసినట్టే లెక్క” అన్నారు. ఇంటికొచ్చేలోపు పాదం తయారైంది. దీన్నే చివరి పాదంగా ఉంచి, అర్థం కుదిరేలా పైన మూడు పాదాలు రాసి పూరించండి. ఎవరి కులాన్నీ లాగొద్దు. పోయినసారి గొడవ చాలు.

గౌతమీతీరం:
తెల్లవంగ నాటఁ దీరైన పెరటిలో
గుండ్రకాయ లెన్నొ గుత్తిఁ గాయ
మనుమఁ డరచెఁ జూచి మామ్మతో వింతగా
“కోడిగుడ్డు చెట్టుకొమ్మఁ గాసె!”

పప్పుచారు: ఆహా! పసివాడి నోట పెట్టేసరికి చిక్కు విడిపోయింది. ఇంగ్లీషువాళ్ళు వంకాయని ఎగ్‌ప్లాంట్ అన్నదీ ఆ గుడ్డులాంటి తెల్లకాయను చూసే కదా.

నాలుగోపాదం: బాగుంది, కాదనను. కానీ వంగ మొక్కా, చెట్టా? మొక్కకి కాస్తే సమస్య పూరించినట్టేనా?

గౌతమీతీరం: మా ఊళ్ళో మిరపచెట్టు, వంగచెట్టు, బంతిచెట్టు అనే అంటారు మాస్టారూ. టేపు పెట్టి కొలవం.

నాలుగోపాదం: మీ ఊళ్ళో సంక్రాంతికి పులస చేప కూడా దొరుకుతుందిగా. కొత్తల్లుడికి భోగినాడు పులస పులుసు పోసిన మీ పాత పద్యం ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు.

గౌతమీతీరం: ఫ్రిజ్‌లో దాచారని అప్పుడే చెప్పాను.

మెట్టవేదాంతి: వానాకాలంలో గోదారికి ఎర్రనీరు వచ్చాక సముద్రం నుంచి ఎదురీదే చేప అది. పుస్తెలమ్మి కొన్న పులసని జనవరి దాకా ఫ్రిజ్‌లో పెట్టేవాడు గోదావరి జిల్లావాడంటే నమ్మమంటారా?

నిర్వాహకుడు: పులస వదిలేసి గుడ్డు దగ్గరికి రండి.

ఓరుగల్లు పిల్ల:
శాకభోజి నంచుఁ జాటెడి మా బావ
గుడ్డుపఫ్ఫు మెక్కెఁ గోరి కోరి
అడుగ నవ్వి చెప్పె నదియును ఫలమె, యీ
కోడిగుడ్డు చెట్టుకొమ్మఁ గాసె!

పప్పుచారు: నిర్వాహకుడి పెద్దాయన మీ బావేనా ఏంటి? “గోరి కోరి” దగ్గర నవ్వాగలేదు.

నాలుగోపాదం: మూడో పాదం చివర “యీ” గణం కోసం, అంటే అక్షరాల లెక్క సరిపెట్టడానికి తెచ్చిపెట్టింది. తీసేస్తే అర్థానికి లోటు లేదు.

ఓరుగల్లు పిల్ల: లోటుంది అన్నా. చేతిలో సగం కొరికిన పఫ్ చూపిస్తూ “ఈ కోడిగుడ్డు” అంటున్నాడు. మా బావని చూస్తే తెలుస్తుంది. బిర్యానీలో ముక్కలు నా ప్లేటులోకి నెట్టి “నాది కుష్కా” అంటాడు. ఒకే హండీ, ఒకే దమ్, ఆ మసాలా అంతా అన్నానికి పట్టాక కూడా ఆయన వెజ్జే. 2014లో కేంద్రం చేసిన నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసం తినేవాళ్ళమని తేలింది. మా బావ ఆ మిగిలినవాళ్ళలో పేరు రాయించుకునే ఉంటాడు.

మెట్టవేదాంతి: బావగారిని అంత తేలిగ్గా తీసెయ్యకండి. పాలు తాగేవాడికి, జీవం లేని గుడ్డు తినడానికి అభ్యంతరం ఉండక్కర్లేదని గాంధీగారే రాశారు. గుడ్ల కోసమే కోళ్ళు పెంచే లేయర్ ఫారాల్లో పుంజులుండవు, ఆ గుడ్డు పొదిగినా పిల్ల రాదు. పాలు వెజ్ అయినప్పుడు గుడ్డు ఎందుకు కాకూడదన్నది సరైన ప్రశ్నే. మరి చట్టం మాత్రం పాలని ఇటు, గుడ్డుని అటు పెట్టింది. ప్యాకెట్ మీద గుడ్డుకి గోధుమరంగు గుర్తే. మొదట చుక్క ఉండేది, రంగులు తేడా తెలియనివాళ్ళ కోసం దాన్ని త్రికోణం చేశారు. నాకు చిరాకు తెప్పించేది బావగారు కాదు. గుడ్డు వాసనకే ముక్కు మూసుకుని, జంతువుల నుంచి తీసే జెలటిన్ జెల్లీలు నమిలేవాళ్ళు, ఆంకోవీ చేపలు వేసిన వూస్టర్ సాస్ నూడుల్స్‌లో పోసుకునేవాళ్ళు.

పప్పుచారు: మీరు పద్యం రాయరు కానీ వ్యాసం మాత్రం రాస్తారు వేదాంతిగారూ.

కొత్తకలం: నమస్కారమండీ, మొదటి ప్రయత్నం.
శనియు మంగళమును శాకాలె భుజియించు
మిగిలిన దినములందు మేక, కోడి
వేరె బోర్డు పెట్టు వెజిటేరియన్నని
కోడిగుడ్డు చెట్టుకొమ్మఁ గాసె.

నాలుగోపాదం: మిగిలి, నదిన, ములందు. మూడోది జగణం, ఈ పాదంలో ఆ గణం చెల్లదు. ఛందస్సు ఎగిరిపోయింది.

ఓరుగల్లు పిల్ల: “మిగులు దినములందు” అంటే సరిపోతుంది తమ్ముడూ. అంతకంటే ముందు, “వెజిటేరియన్నని” అన్న మాటను విరవకుండా రెండు గణాల్లో కూర్చోబెట్టినందుకు మెచ్చుకోవాలి. పాదం మొదటి “వే”కి నడుమ “వె” కలిసి యతి కూడా పడింది. నాలుగోపాదంగారి కంటికి మెరుగు ఎప్పుడూ ఆనదు.

గౌతమీతీరం: ఆయనకి ఆనేది పులస ఒక్కటే.

నిర్వాహకుడు: కొత్తకలంగారూ, శనివారం వెంకన్న, మంగళవారం ఆంజనేయుడు, అంతవరకు మా ఇంటి సంగతే. అయితే మూడో పాదానికి, నాలుగో పాదానికి అతుకు లేదు. గుడ్డు ఎందుకు కాసిందో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నాలుగోపాదం: అతుకంటే ఏమిటో చూపిస్తాను.
రొయ్యబుట్ట మాయమయ్యె, నేమందురు?
అందఱిచట శాక మనెడువారె!
బుట్ట దాచినతఁడు పొగరుగా నిట్లనె
“కోడిగుడ్డు చెట్టుకొమ్మఁ గాసె!”

కొత్తకలం: మొదటి పాదంలో “రొ”కి “మ”తో యతి ఎలా అండీ?

నాలుగోపాదం: రొయ్య, మయ్యె. మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి బాబూ.

గౌతమీతీరం: యతి సరే. “అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం” అన్నది మా అమ్మమ్మ రోజూ అనే సామెత. మూడు పాదాల పని సామెతే చేసిపెట్టింది. దాచినవాడు అడ్డదిడ్డంగా ఏదైనా వాగొచ్చు. “ఏనుగు ఎగిరె” అన్నా ఈ పద్యంలో సరిపోతుంది. నా వంకాయకి ఆ వెసులుబాటు లేదు.

పప్పుచారు: ఇది మాత్రం నిజం. దొంగ నోట, పిచ్చివాడి నోట, కలలో... ఈ మూడు దారుల్లో ఏ సమస్య అయినా పూరించొచ్చు. నాలుగోపాదంగారే ఒకప్పుడు ఇలాంటివాటిని చిల్లర పూరణలన్నారు.

నాలుగోపాదం: కలలో పూరిస్తే అన్నాను. దొంగని అనలేదు.

రైన్ ఒడ్డు: జర్మనీ నుంచి. మాకు దొంగలూ కలలూ అక్కర్లేదు, ఇక్కడ నిజంగానే కాస్తాయి.
ఈస్టరునకు వార లింటిముందఱ గుడ్ల
రంగు పూసి కట్ట రమ్యముగను
పెంకుఁ జూచి మురిసెఁ బెజవాడ మిత్రుఁడు
“కోడిగుడ్డు చెట్టుకొమ్మఁ గాసె!”

ఓరుగల్లు పిల్ల: అన్నా, సూపర్! చెట్టు చెట్టే, గుడ్డు గుడ్డే. ఎక్కడా మోసం లేదు.

గౌతమీతీరం: నా వంకాయ ఓడింది, ఒప్పుకుంటున్నా. “రమ్యముగను” మాత్రం ఉత్తి పూరకం.

నాలుగోపాదం: పెంకు సరే. లోపలి సొన ఏమైంది?

రైన్ ఒడ్డు: రెండు వైపులా చిల్లు పెట్టి గిన్నెలోకి ఊదేస్తారండీ. ఆ పూట ఆమ్లెట్టే. మా మిత్రుడు ప్యూర్ వెజ్, కానీ పడేస్తే పాపమని రెండు తిన్నాడు.

నాలుగోపాదం: ఆ ముక్క పద్యంలో పెట్టాల్సింది. పెట్టుంటే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి.

నిర్వాహకుడు: రెండో పాదంలో “రమ్యముగను” తీసేసి ఆమ్లెట్ ఎక్కించగలవాళ్ళు ఎక్కించండి. గడువు రేపటిదాకా పెంచుతున్నా. ఆమ్లెట్టు తగణం, ఆ పాదంలో చెల్లని గణం, ఎలా పట్టిస్తారో మీ ఇష్టం.

గౌతమీతీరం: నాలుగోపాదంగారు పట్టిస్తారు. బుట్టలో దాచి.