లీజు గీత 12 మీటర్లు పక్కకి పోతోంది, క్వారీ మ్యాపు ఎక్కడ మొదలుపెట్టాలి?

చీమకుర్తి కుర్రోడు:
అందరికీ నమస్కారం. జియాలజీ చదివి, చీమకుర్తి దగ్గర ఒక బ్లాక్ గెలాక్సీ (నల్ల గ్రానైట్ రకం) క్వారీలో ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నా. మా దగ్గర ఉన్నవన్నీ కాగితాలే, లీజు స్కెచ్, ఎఫ్‌ఎంబీ (పొలాల హద్దుల కొలతలుండే సర్వే పుస్తకం) జిరాక్సు, ఒక పాత టోపోషీటు (ఎత్తులు, వాగులు చూపించే సర్వే మ్యాపు). వీటిని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి ఎంత రాయి తీశాం, ఎంత మిగిలింది, వేస్టు ఎక్కడ పోయాలి అన్నది ఒక్కచోట చూసుకుందామని కూర్చున్నా. తీరా లీజు గీతని శాటిలైట్ ఫొటో మీద వేస్తే తూర్పున 12 మీటర్లు పక్కవాళ్ల గుంతలోకి వెళ్తోంది. హద్దు నుంచి 7.5 మీటర్లు వదిలి తవ్వాలి, ఆ గీతే తప్పయితే ఇక మిగతా లెక్కలకి అర్థమేముంది? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

గొలుసు సర్వేయర్:
తమ్ముడూ, ముందు ఆ ఫొటోకి అతికించడం ఆపు. ఫొటోనే కొన్ని మీటర్లు జరిగి ఉండొచ్చు. ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉన్నాయా చూడు. పాత గొలుసు లింకు 20 సెంటీమీటర్లు కాదు, 20.12. వెయ్యి లింకులకి మీటరు పైనే తేడా వస్తుంది. టోపోషీటు ఎవరెస్ట్ డేటమ్‌లో (అక్షాంశ రేఖాంశాలకి వాడిన పాత ఆధారం) ఉంటే దాన్ని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనుకుని వేశావంటే వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది, అందుకే ఆ టోపోషీటుని పక్కన పెట్టేసెయ్. ప్రాజెక్టుని యూటీఎం 44 నార్త్‌లో (మన ప్రాంతానికి మీటర్లలో కొలిచే మ్యాపు పద్ధతి) పెట్టుకో. తర్వాత ఊరి సర్వేయర్ని వెంటబెట్టుకుని ట్రైజంక్షన్ రాళ్లు (మూడు హద్దులు కలిసేచోట పాతినవి) కనీసం మూడు వెతికి, వాటి మీద డీజీపీఎస్ (బాగా కచ్చితంగా కొలిచే జీపీఎస్) పెట్టి, ఎఫ్‌ఎంబీని ఆ పాయింట్లకి కట్టు. ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు తప్పు చూపిస్తుంది, హద్దు పనికి అస్సలు పనికిరాదు.

డంపు కింద రాయి:
హద్దు సంగతి అన్న చెప్పేశారు, నేను మిగిలిన రాయి గురించి చెబుతా. డ్రోన్ ఎగరేయించి ఎత్తుల మ్యాపు తీసుకో, నేల మీద ఐదారు గుర్తులు డీజీపీఎస్‌తో కొలిచి పెట్టు. పాత ఎత్తుల్లోంచి కొత్తవి తీసేసి, ఒక్కో గడి వైశాల్యంతో గుణిస్తే తవ్విన ఘనపరిమాణం వస్తుంది. గుంతలో నీళ్లుంటే డ్రోన్‌కి కనిపించేది నీటి మట్టమే, అడుగు కాదు. తాడుకి బరువు కట్టి లోతు విడిగా కొలవాలి.

కానీ ఘనపరిమాణమంతా బ్లాకులు కాదు. ఉదాహరణకి 40,000 క్యూబిక్ మీటర్లు తవ్వి 6,000 అమ్మితే రికవరీ 15 శాతమే, మిగతాదంతా డంపుకే, అంటే వేస్టు గుట్టకే. అందుకని ప్రతి బెంచీలో (మెట్టులా తవ్విన అంచెలో) పగుళ్ల దిశ, వాలు కంపాస్‌తో కొలిచి మ్యాపులో ఒక లేయరుగా (విడి పొరగా) వెయ్యి. పగుళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట సైజు బ్లాకు రాదు. నేను ఇదివరకు పనిచేసిన క్వారీలో ఈ లేయరు లేక, దగ్గరుంది కదా అని వేస్టంతా ఉత్తరం వైపు పోశాం. మంచి రాయి ఆ డంపు కిందికే సాగింది. పోసిన రాళ్లనే మళ్లీ ఎక్స్‌కవేటర్లతో ఎత్తి లారీలకెక్కిస్తుంటే చూడటానికే బాధేసేది.

వాగు పక్క రైతు:
మాది గ్రానైట్ ఏరియా కిందున్న ఊరు. బాబూ, ఆ మ్యాపులో వాగులు కూడా గీయి. ఇస్రో వాళ్ల మ్యాపుల సైటు భువన్‌లో కార్టోశాట్ ఉపగ్రహం తీసిన ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది, 30 మీటర్ల గడులే అయినా నీళ్లు ఎటు పారతాయో తెలిసిపోతుంది. మా పైన రాళ్ల గుట్ట సరిగ్గా వాగు మొదట్లో పోశారు. పెద్ద వాన పడితే తెల్లటి రాతి పిండి కొట్టుకొచ్చి చేలో పేరుకుంటోంది, చెరువుకి నీళ్లు రావడం తగ్గిపోయింది. గుట్ట పోసేముందు ఒక్కసారి ఆ గీతలు చూసి ఉంటే పక్క పొలానికి జరిపేవాళ్లు.

చీమకుర్తి కుర్రోడు:
అన్నా, లింకుని 20 అనే వేశాను. సరిచేస్తే మీటరున్నర తగ్గింది, ఇంకా పదిన్నర ఉంది. రేపు పొద్దున్నే ట్రైజంక్షన్ రాళ్ల కోసం వెళ్తున్నా. కొత్త డంపుకి చూపించిన చోటు మీద వాగుల లేయరు ఇప్పుడే వేశా, ఒక పాయ దాని మధ్యలోంచే పోతోంది. ఈ మ్యాపు ప్రింటు తీసి మేనేజర్ గారి దగ్గరికి తీసుకెళ్తా.