నాయన యెజ్డీని ఏం చేయాలి? పాత బండ్లు తెలిసినవాళ్లు చెప్పండి

దేవరకొండ_కుర్రోడు:
అందరికీ నమస్తే. నాయన టీచర్‌గా చేసినన్ని రోజులు నడిపిన యెజ్డీ 250, 1979 మోడల్, మా కొట్టంలో గోనెసంచుల కింద ఉంది. చాలా ఏండ్లుగా ఎవరూ స్టార్ట్ చేయలేదు. ఇప్పుడు కిక్ కొడితే కిందికే దిగడం లేదు. సీటు చిరిగింది, ఒక సైలెన్సర్‌కు తుప్పు పట్టింది, ట్యాంకు మీద నాయన బడి సంచి పెట్టుకున్న చోట రంగు అరిగిపోయి రేకు కనబడుతోంది. హైదరాబాద్‌లో ఒకాయన మొత్తం విప్పి మ్యాట్ బ్లాక్ వేసి, ఎల్ఈడీ లైట్లు, అల్లాయ్ చక్రాలు పెట్టి షోరూం బండిలా ఇస్తానంటున్నాడు. ఇంట్లోవాళ్లేమో పాత సామానుకు అంత ఖర్చెందుకు, అమ్మేయమంటున్నారు. నాకైతే అమ్మబుద్ధి కావడం లేదు. నాయన పోయి రెండేండ్లు, ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలమూరు_టూస్ట్రోక్:
తమ్మీ, ముందు ఆ కిక్ మీద బలం చూపించడం ఆపు. ఏండ్లు నిలబడ్డ బండిలో పిస్టన్ రింగులు బోర్‌కు, అంటే సిలిండర్ లోపలి గోడకు పట్టుకుంటాయి, కాలు పెట్టి తొక్కితే కిక్ పళ్లు పోతాయి. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో కొంచెం డీజిల్, కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి కొన్ని రోజులు వదిలెయ్. తర్వాత గేర్‌లో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా కదిలించు. చాలా బండ్లు దాంతోనే వదులుతాయి.

వదిలింది కదా అని సంబరంగా స్టార్ట్ చేసి రోడ్డెక్కకు, అసలు ప్రమాదం అక్కడుంది. మన ఎండలకు క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు పక్కలా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు ఎండి గట్టిపడతాయి. ఇలాంటి టూస్ట్రోక్ ఇంజన్‌లో గాలి, పెట్రోల్ మిశ్రమం క్రాంకు గది నుంచే పైకి పోవాలి కాబట్టి సీల్ కారితే లెక్క మొత్తం తప్పుతుంది. డైనమో (కరెంటు తయారుచేసేది) పక్క సీల్ పోతే అక్కడి నుంచి గాలి లాగుతుంది, మిశ్రమం పలచబడి పిస్టన్ కాగి పట్టేస్తుంది. క్లచ్ పక్క సీల్ పోతే గేర్ ఆయిల్‌నే లాగి తాగుతుంది, తెల్లపొగ ఆగదు. అందుకే ఇంజన్ విప్పించి సీళ్లు, బేరింగులు చూపించుకోవడమే మొదటి ఖర్చు. రంగు గురించి తర్వాత.

నేను ఊహ తెలిసినప్పటి నుంచి ఈ బండ్ల పిచ్చిలోనే ఉన్నా కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి జావా బండ్లు తయారుచేసింది, 1973 నుంచి వాటికి యెజ్డీ పేరు వచ్చింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడొచ్చే కొత్త యెజ్డీలు బాగుంటాయి, కానీ అవి ఫోర్‌స్ట్రోక్, పూర్తిగా వేరే ఇంజన్. నీ కొట్టంలో ఉన్నదానిలో కిక్ కొట్టిన లివర్‌నే లోపలికి నొక్కి ముందుకు తిప్పితే గేర్ లివర్ అవుతుంది, ఆ లివర్‌తో గేర్ మారుస్తుంటే క్లచ్ తనంతట తానే వదులుతుంది. అంత తెలివిగా చేసిన యంత్రానికి అల్లాయ్ చక్రాలు తగిలించి ఏం బాగుచేస్తాడంట ఆయన? లోపల మొత్తం కొత్తగా చేయించు, పైన ముట్టుకోకు. ఆ సంచి అరగదీసిన రేకు మీద తుప్పు రాకుండా మైనం రుద్దుతూ ఉండు, చాలు. మ్యాట్ బ్లాక్ వేస్తే అది ఎవరి బండైనా కావచ్చు.

మిర్యాలగూడ_రిపేర్:
అన్న చెప్పినదాంట్లో ఇంజన్ మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ "పైన ముట్టుకోకు" అంటే నేను ఒప్పుకోను. టైర్లు, ట్యూబులు, బ్రేక్ లైనర్లు, కేబుళ్లు, వైరింగ్ కచ్చితంగా కొత్తవి వేయాల్సిందే. దాని 6 వోల్టుల హెడ్‌లైట్‌తో రాత్రి నార్కట్‌పల్లి దాకా వస్తే ఎదురుగా వచ్చే లారీకి మీరు కనబడరు. ట్యాంకు లోపల తుప్పు కడగకుండా పెట్రోల్ పోస్తే కార్బురేటర్ ఒక్క రోజులో నిండుతుంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది, అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు వాషర్లను తినేస్తుంది. బండి వారం పైన ఆపుతున్నారంటే ట్యాంకు కింది పెట్రోల్ కాక్ కట్టేసి కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజన్ నడవనివ్వండి.

పాలమూరు_టూస్ట్రోక్:
బ్రేకులు, టైర్లు, వైరింగ్ సంగతి ఒప్పుకుంటా తమ్ముడూ, అందులో వాదనే లేదు. నేనన్నది రంగు, క్రోమ్, ఆకారం గురించి. 12 వోల్టులకు మార్చినా పైకి కనబడకుండా మార్చాలి, పాత డైనమో పారేయకుండా గుడ్డలో చుట్టి దాచాలి.

కాగితాల_సంగతి:
ఆర్సీ పనే ముందు మొదలుపెట్టండి, అది నాన్చితే పెరిగిపోతుంది. యజమాని చనిపోతే వారసుల పేరు మీదకు మార్చడానికి ఫారం 31. దాంతోపాటు మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల ఒప్పుదల కావాలి. రిజిస్ట్రేషన్ గడువు దాటి ఉంటే రెన్యువల్‌కు ఫారం 25. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు చూసి ఆశపడకండి, అవి 50 ఏండ్లు దాటిన బండ్లకే. పైగా ఆ కింద రిజిస్టర్ చేస్తే ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు తప్ప రోజువారీ తిరగడానికి లేదు. బండి మీద సంతకు పోవాలనుకుంటే మామూలు రెన్యువలే మేలు.

దేవరకొండ_కుర్రోడు:
అందరికీ థాంక్స్. డీజిల్ పోసి వదిలేశా, నిన్న సాయంత్రం చక్రం కదిలింది! అమ్మ కూడా బయటికొచ్చి చూసింది. హైదరాబాద్ ఆయనకు వద్దని చెప్పేశా. రెడీ అయ్యాక శ్రీశైలం పోవాలని ఉంది. పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలి?

పాలమూరు_టూస్ట్రోక్:
మస్తు సంతోషం తమ్మీ. లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల టూటీ (టూస్ట్రోక్) ఆయిల్ కలుపు, కొత్త రింగులు వేస్తే మొదట్లో కొంచెం ఎక్కువే పోయి. శ్రీశైలం తొందరపడకు, ముందు డిండి దాకా పోయి రా, ఆగి ప్లగ్ విప్పి రంగు చూడు. లేత గోధుమరంగు ఉంటే సరే, తెల్లగా ఉంటే గాలి లాగుతున్నట్టు, నల్లగా తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువైనట్టు. ఘాట్‌కు పోయిన రోజు దోమలపెంట దాటి డ్యాం వైపు దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూసి దొర్లించకు. పెట్రోల్‌తోనే ఆయిల్ పోతుంది కాబట్టి మూస్తే పిస్టన్‌కు తడి అందదు, మధ్యమధ్యలో కొంచెం తెరుస్తూ దిగు. సీళ్లు కొనడానికి పోయేటప్పుడు విప్పిన పాత సీళ్లు జేబులో పెట్టుకుని పో, సైజు పక్కన పెట్టి చూసుకున్నాకే డబ్బులివ్వు.