మహమ్మారి వేళ రోగులున్న క్రూయిజ్ నౌకను రేవులోకి రానివ్వాలా, వద్దా?

మూడో డెక్కు

నిన్న వేరే చర్చలో ఒకరు రాశారు: "జబ్బు మోసుకొచ్చే విహార నౌకను ఏ రేవూ రానివ్వక్కర్లేదు. డబ్బుండి షికారుకెళ్ళిన వాళ్ళ కోసం ఊరు ఊరంతా ఎందుకు ప్రమాదంలో పడాలి?" చాలామంది ఔనన్నారు. చదివాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే విడిగా మొదలుపెడుతున్నాను.

నేను అప్పట్లో ఒక క్రూయిజ్ షిప్పులో లాండ్రీలో పనిచేసేవాణ్ణి. 2020 మార్చిలో మా ఓడను వరసగా రెండు రేవులు వద్దన్నాయి. సిబ్బంది గదులకు కిటికీ ఉండదు. పైనొక బెర్తు, కిందొక బెర్తు, తలుపు తీయాలంటే ఒకరు కాళ్ళు ముడుచుకోవాలి. కింద బెర్తు కుర్రాడికి జ్వరం మొదలైంది. అతనికి వేరే గది దొరికేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రాత్రులూ నేను పైబెర్తులో పడుకుని అతని దగ్గు వింటూనే ఉన్నాను. పగలు మళ్ళీ ప్రయాణికుల దుప్పట్లు ఉతకడమే, ఏ దుప్పటి జ్వరం ఉన్నవాళ్ళదో ఏది కాదో తెలియకుండా. రోజుకు అరగంట పైకి వెళ్ళనిచ్చేవారు. అక్కడి నుంచి రేవు దీపాలు కనబడేవి. ఒక క్రేను కొన మీద ఎర్ర లైటు ఆరి వెలుగుతుండేది. ఆ దీపాల మధ్యలోనే ఎక్కడో ఆసుపత్రి ఉందని మా అందరికీ తెలుసు.

నేను చెప్పేది ఒకటే. రేవు తలుపేసినంత మాత్రాన జబ్బు ఆగదు, ఓడ లోపల పెరుగుతుంది. డైమండ్ ప్రిన్సెస్ చూడండి. 2020 ఫిబ్రవరి 3న 3,711 మందితో జపాన్‌లోని యోకోహామా చేరింది. జబ్బు తేలినవాళ్ళను ఆసుపత్రులకు తీసుకెళ్ళి, మిగతావాళ్ళను రెండు వారాలు ఓడలోనే ఉంచారు. చివరికి 712 మందికి సోకింది, 14 మంది పోయారు. ప్రయాణికులు గదుల్లో తలుపులేసుకుని ఉంటే, ట్రేలు పట్టుకుని గది గదికీ తిరిగింది సిబ్బంది. వాళ్ళు కలిసే తిన్నారు, కలిసే పడుకున్నారు. ఆ ఓడలో మన దేశం వాళ్ళు 138 మంది, అందులో 132 మంది సిబ్బందే. షికారుకెళ్ళిన వాళ్ళంటే ఎవరండీ?

వార్డు నర్సు

మూడో డెక్కు గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా నేను అవతలి వైపే ఉన్నాను, ఎందుకో చెప్తాను.

రూబీ ప్రిన్సెస్ కథ ఎవరూ మరిచిపోకూడదు. 2020 మార్చి 19న సిడ్నీలో దాదాపు 2,650 మంది ప్రయాణికుల్ని దించేశారు. ఓడలో కొందరికి దగ్గు, జ్వరం ఉన్నాయి. నమూనాలు తీశారు, ఫలితాలు మాత్రం ఇంకా రాలేదు. "ప్రమాదం తక్కువ" అని చీటీ రాసి పంపేశారు. వాళ్ళు టాక్సీలెక్కారు, రైళ్ళెక్కారు, విమానాలెక్కారు. ప్రయాణికుల్లోనే 660 మందికి పైగా జబ్బు తేలింది, 28 మరణాలు ఆ ఓడతో ముడిపడ్డాయి. ఆ తర్వాత విచారణ కమిషన్ ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ తప్పుల్ని క్షమించరానివని తేల్చింది.

నన్ను ఎక్కువ భయపెట్టేది సిడ్నీ కాదు, బర్నీ. టాస్మేనియాలో చిన్న ఊరు. ఆ ఓడ దిగి ఇంటికెళ్ళిన వాళ్ళలో ఇద్దరు అక్కడి ఆసుపత్రిలో చేరారు. వైరస్ అక్కడికి వచ్చింది వాళ్ళ ద్వారానే కావచ్చని విచారణలో తేలింది. ఏప్రిల్ నడిమికి రెండు ఆసుపత్రులు మూతపడ్డాయి. దాదాపు 1,200 మంది సిబ్బందిని ఇంటిల్లిపాదితో సహా క్వారంటైన్‌కు పంపారు. ఆ వారం ఆ ఊళ్ళో గుండెనొప్పి వచ్చినవాడు, నొప్పులొచ్చిన గర్భిణి ఎక్కడికెళ్ళాలి?

నేను రెండేళ్ళు కోవిడ్ వార్డులో చేశాను. ఆరు గంటలు ఆ ప్లాస్టిక్ గౌనులో ఉంటే మోచేతుల దగ్గర చెమట నిలిచిపోయి, గ్లవ్ విప్పగానే ధారగా కారేది. ఒక రాత్రి నలుగురు చేయాల్సిన డ్యూటీలో ఇద్దరమే ఉన్నాం. మంచాలు పెంచొచ్చు, వెంటిలేటర్లు కొనొచ్చు. నర్సుల్ని రాత్రికి రాత్రి ఎక్కడినుంచి తెస్తారు? అలాంటి రోజున ఒక ఓడ వచ్చి "మా దగ్గర 200 మంది జ్వరం వాళ్ళున్నారు" అంటే, నేనైతే గుండె రాయి చేసుకుని వద్దనే అంటాను.

సూటిగా

నర్సు అక్క మాటే నాదీ. ఇంకోటి కలుపుతాను. ఈ ఓడల జెండాలు చూడండి. రూబీ ప్రిన్సెస్ బెర్ముడాలో రిజిస్టరయ్యింది. పన్నులు, కార్మిక చట్టాలు తమకు ఎక్కడ అనుకూలమో అక్కడి జెండా ఎగరేస్తారు. కష్టమొస్తే మాత్రం దగ్గర్లో ఉన్న రేవు గుర్తొస్తుంది. బ్రేమర్ అని ఒక ఓడ ఉంది, అది బహామాస్ జెండాదే. 2020 మార్చిలో ఐదుగురికి జబ్బు తేలితే, బహామాసే ఆ ఓడను రేవుకు రానివ్వలేదు. దూరంగా లంగరేసుకోమని, సరుకులు మాత్రం అందనిచ్చింది. సొంత జెండా దేశమే కాదన్నాక ఇంకొకరు ఎందుకు ఔననాలి?

పైగా రూబీ ప్రిన్సెస్ సిడ్నీ నుంచి బయల్దేరింది మార్చి 8న, జాండమ్ అనే ఇంకో ఓడ బ్యూనస్ ఐరిస్ నుంచి మార్చి 7న. అప్పటికి నెల రోజులుగా యోకోహామా వార్తలు ప్రపంచమంతా చూస్తోంది. తెలిసీ టికెట్లమ్మారు. తెలిసీ ఎక్కారు. ఆ ఖర్చూ ఆ ప్రమాదమూ రేవు ఊరి మీద రుద్దుతారా?

కొత్త లాయరు

తమ్ముడూ, రెండు వేర్వేరు ప్రశ్నలు కలిపేస్తున్నావు. రానివ్వాలా అన్నది ఒకటి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకొకటి. ఇల్లు కాలుతుంటే ముందు మంట ఆర్పుతాం, ఎవరు అంటించారో తర్వాత తేలుస్తాం.

చట్టం సంగతి క్లుప్తంగా. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు, 2005లోని 28వ అధికరణం ప్రకారం, ప్రజారోగ్యం కారణంగా ఓడను రేవుకు రాకుండా ఆపకూడదు. ఆ రేవులో తగిన ఏర్పాట్లు లేకపోతే, ఏర్పాట్లున్న దగ్గర్లోని రేవుకు వెళ్ళమని చెప్పొచ్చు. అయితే 43వ అధికరణం కింద దేశాలు అదనపు చర్యలు తీసుకోవచ్చు, వాటికి శాస్త్రీయమైన కారణం చూపాలి. 2020లో చాలా దేశాలు ఈ సందులోంచే దూరిపోయాయి. కారణాలు రాతలో చూపింది తక్కువ. ఇక సముద్ర చట్టం చూస్తే, రేవులోకి వచ్చే హక్కు ఓడలకు ఇంత గట్టిగా ఎక్కడా లేదు. రేవు ఆ దేశపు లోపలి జలాల కింద లెక్క. ఆపదలో ఉన్న ఓడకు చోటివ్వడమన్నది పాత ఆచారం, అంతే. కాబట్టి "చట్టం బలవంతం చేస్తుంది" అని నేననను. కానీ "వద్దు" అన్నవాళ్ళు "మరి ఎక్కడికి" అన్నదానికి జవాబు చెప్పాలని మాత్రం చట్టం అడుగుతోంది.

వెస్టర్‌డామ్ అనే ఓడ విషయంలో ఆ జవాబు ఎవరూ చెప్పలేదు. జపాన్, తైవాన్, ఫిలిప్పీన్స్, గువామ్, థాయ్‌లాండ్ ఐదూ వద్దన్నాయి. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టయింది. రెండు వారాలు తిరిగి తిరిగి ఫిబ్రవరి 13న కంబోడియాలోని సిహనౌక్‌విల్లే చేరింది. దిగినవాళ్ళలో ఒకావిడకు మలేషియాలో పాజిటివ్ అన్నారు, తర్వాత ఆమెకు అసలు జబ్బే లేదని తేలింది. అంటే అన్ని రేవులు తరిమింది జబ్బును కాదు, జబ్బు పేరును.

పాత కాగితాలు

ఇది కొత్త గొడవ కాదు. 1892 సెప్టెంబరులో హాంబర్గ్ నుంచి నార్మానియా అనే ఓడ కలరాతో న్యూయార్క్ చేరింది. క్యాబిన్ ప్రయాణికుల్ని ఫైర్ ఐలండ్‌లో ఒక హోటల్లో ఉంచుదామని గవర్నర్ ఆ హోటల్నే కొనిపించాడు. వాళ్ళను తీసుకొచ్చిన స్టీమరును చుట్టుపక్కల జనం ఒడ్డు తాకనివ్వలేదు, కోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నారు, చివరికి సైనికుల్ని దింపాల్సి వచ్చింది. ఆ జనాన్ని దుర్మార్గులనలేం, పిల్లలున్నవాళ్ళు. కానీ ఆ ప్రయాణికులు స్టీమరు మీద చలిలో సరైన పక్కలూ తిండీ లేకుండా గడిపారన్నదీ నిజమే.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1377లో రగూసా, అంటే ఇప్పటి డుబ్రోవ్నిక్, తెగులున్న చోట్ల నుంచి వచ్చేవాళ్ళు ముప్పై రోజులు బయట ఆగి రావాలని చట్టం చేసింది. తర్వాత అదే నలభై రోజులై, ఇటాలియన్లో నలభైని చెప్పే మాటలోంచి క్వారంటైన్ అన్న పేరు వచ్చింది. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది, ఆ ఊరు వర్తకం మీద బతికేది, ఓడల్ని శాశ్వతంగా కాదనలేదు. అందుకే ఆగడానికి ఒక చోటు చూపించింది. క్వారంటైన్ పుట్టిందే ఓడను రానివ్వడానికి. మనం దాన్ని తరమడానికి వాడుతున్నాం.

వార్డు నర్సు

పాత కాగితాలు గారి చివరి మాట నన్ను ఆపింది. నిన్న "వద్దు" అన్నదాన్ని కొంచెం సరిదిద్దుకుంటున్నాను.

రూబీ ప్రిన్సెస్ తప్పు రానివ్వడం కాదు, వదిలెయ్యడం. డైమండ్ ప్రిన్సెస్ తప్పు వదలకపోవడం కాదు, ఆ ఓడనే ఆసుపత్రి అనుకోవడం. కోబె విశ్వవిద్యాలయానికి చెందిన అంటువ్యాధుల నిపుణుడు కెంటారో ఇవాటా ఫిబ్రవరి 18న ఆ ఓడెక్కి వచ్చి ఒక వీడియో పెట్టారు. శుభ్రమైన భాగమేదో సోకిన భాగమేదో గీత లేదని ఆయన గోడు. వార్డులో మేం మొదటి రోజు చేసే పని నేల మీద టేపు అంటించి ఆ గీత గీయడమే. అది లేకపోతే మిగతాదంతా వృథా. తర్వాత ఒక అధ్యయనం లెక్కగట్టింది: ఏ చర్యా తీసుకోకపోతే ఆ ఓడలో ఫిబ్రవరి 19 నాటికి 2,920 మందికి సోకేది, ఫిబ్రవరి 3నే అందర్నీ దించి ఉంటే దాదాపు 76 మందితో పోయేది. అంచనాలే అనుకోండి, అయినా ఎంత తేడా ఉందో చూడండి.

కాబట్టి నా షరతులు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళు ముందు దిగాలి, ఎవరికెన్ని మంచాలున్నాయో చూసి నాలుగైదు ఆసుపత్రులకు పంచాలి, ఒక్క దాని మీదే పడెయ్యకూడదు. మిగతావాళ్ళు ఒడ్డునే వేరే భవనంలో విడివిడి గదుల్లో ఉండాలి. ఫలితం రాకుండా ఒక్కరు కూడా గేటు దాటకూడదు. ఇవి లేని రేవు వద్దనడంలో తప్పులేదని ఇప్పటికీ అంటాను. ఐదు ఐసీయూ మంచాలున్న ద్వీపం మీద మూడు వేలమందిని దించడం దయ కాదు.

కొత్త లాయరు

నర్సు గారు చెప్పినట్టు చేసినవాళ్ళున్నారు. బ్రేమర్‌ను చివరికి క్యూబా తీసుకుంది. 2020 మార్చి 18న మరియెల్ రేవులో దించి, బస్సుల్లో హవానా విమానాశ్రయానికి, అక్కడినుంచి ప్రత్యేక విమానాల్లో బ్రిటన్‌కు పంపింది. ఇంకో ఓడ గ్రెగ్ మోర్టిమర్‌లో 217 మంది ఉంటే 128 మందికి పాజిటివ్. వాళ్ళ కోసం ఉరుగ్వే, మాంటెవీడియో రేవు నుంచి విమానం దాకా ఊరితో సంబంధం లేని దారి వేసింది. క్యూబా, ఉరుగ్వే పెద్ద దేశాలేం కావు.

అడ్డం తిరిగితే ఏమవుతుందో జాండమ్ చెప్తుంది. దక్షిణ అమెరికా తీరమంతా రేవులు మూసుకున్నాయి, పనామా కాలువ దాటడానికి కూడా మొదట ఒప్పుకోలేదు. ఏప్రిల్ 2న ఫ్లోరిడా చేరేసరికి ఓడలో నలుగురు చనిపోయి ఉన్నారు. అంత జరిగాక కూడా చివరికి ఏదో ఒక రేవు తీసుకోక తప్పలేదు కదా. ఆ రోజులన్నీ వృథా.

సూటిగా

క్యూబా సంగతి నాకు తెలియదు, బ్రేమర్ గురించి సగం చెప్పి ఆపాను, ఒప్పుకుంటున్నా. కానీ డబ్బు మాట వదలను. ప్రతి క్రూయిజ్ కంపెనీ బయల్దేరేముందే ఒక పూచీకత్తు కట్టాలి. ఆసుపత్రి, హోటల్, విమానం ఖర్చులన్నీ దాంట్లోంచే. ఏ రేవు తీసుకుంటే ఆ రేవుకు వెంటనే ఆ డబ్బు చేరాలి. అప్పుడు చిన్న ఊళ్ళు కూడా భయపడకుండా ఆలోచిస్తాయి. అది లేనంతకాలం రేవు ఊరివాడు "వద్దు" అంటే నేను తప్పుపట్టను.

మూడో డెక్కు

తమ్ముడూ, పూచీకత్తుకు నేనూ సై. కానీ దాంట్లో సిబ్బంది పేరు కూడా రాయించు. ఈ చర్చలో ఇంతసేపూ అందరూ ప్రయాణికుల్ని దించడం గురించే మాట్లాడారు, గమనించారా?

మూడో రేవు మా ఓడను రానిచ్చింది. ప్రయాణికులు దిగి బస్సులెక్కారు. మమ్మల్ని మాత్రం దిగనివ్వలేదు, ఓడ మళ్ళీ బయటికొచ్చి లంగరేసింది. మేమొక్కళ్ళమే కాదు. 2020 ఏప్రిల్‌లో అమెరికా తీరాల చుట్టూనే దాదాపు 100 క్రూయిజ్ ఓడలు, వాటిలో 80,000 మంది దాకా సిబ్బంది ఉన్నారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రమే చెప్పింది. దిగడానికి అనుమతి ఉండదు, ఉన్నా విమానం ఉండదు, విమానం ఉన్నా సొంత దేశం తలుపు మూసి ఉంటుంది.

నేను ఇల్లు చేరింది జూన్ మూడో వారంలో. జీతం రెండు నెలలే వచ్చింది. నర్సు గారూ, మీ షరతులన్నీ నాకు సమ్మతమే, ఒక్కటి మార్చండి: దిగేవాళ్ళ వరస రాసేటప్పుడు, కిటికీ లేని గదుల్లో ఇద్దరేసి ఉన్నవాళ్ళను ముందు వేరు చెయ్యండి. బాల్కనీ గదిలో ఉన్నవాళ్ళు ఇంకో రెండు రోజులు ఆగగలరు.

వార్డు నర్సు

మార్చాను. అదే సరైన వరస కూడా, ఒకే గాలి పీల్చేవాళ్ళను ముందు విడదీయాలి. ఆ కుర్రాడు ఎలా ఉన్నాడండీ ఇప్పుడు?

మూడో డెక్కు

బాగున్నాడు. మళ్ళీ ఓడెక్కాడు, ఈసారి వంటింట్లో. పోయిన నెల ఫోన్ చేసి గది ఫోటో పంపాడు. ఇప్పటికీ ఇద్దరే, ఇప్పటికీ కిటికీ లేదు.