అకార్డియన్ పెద్దాయనకు జానపద సన్మానమా?

బెజవాడ శ్రోత:
మా పేటలో ఒక పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్లు కోలాటం బృందాల వెంట, జాతర పాటల వెంట అకార్డియన్, అంటే తిత్తి సాగదీస్తూ మెట్లు నొక్కి వాయించే పెట్టె, భుజాలకు తగిలించుకుని తిరిగారు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో సన్మానం చేద్దామంటే మా సంఘంలోనే అడ్డుపుల్ల పడింది. డప్పు, గుమ్మెట ఉండగా ఈ దొరల పెట్టెకు జానపదం ఏమిటట. మీరేమంటారు?

గుంటూరు మాస్టారు:
మీ సంఘంవాళ్లు అన్నదాంట్లో తప్పేముంది? 1829లో వియన్నాలో పేటెంటు పొందిన వాద్యం అది. సరే, పుట్టుక వదిలేద్దాం. మెట్ల మీద గమకం, అంటే స్వరాన్ని జార్చి ఊపడం, పలకదు కదండీ. నాజర్ గారి బుర్రకథకు తంబురా, గుమ్మెటలు చాలాయి. పెట్టె వచ్చాక పాట బిగుసుకుపోయింది. సన్మానం చేయండి, కాదనను. ఆర్కెస్ట్రా కళాకారుడని చేయండి.

తెనాలి అల్లుడు:
మాస్టారూ, మరి హార్మోనియం? అదీ ఐరోపా సరుకే, దానికీ గమకం రాదు. 1940లో రేడియోవాళ్లు దాన్ని గడప తొక్కనివ్వలేదు. 1971 దాకా సడలించలేదు. ఆ ముప్ఫై ఏళ్లూ మా అత్తగారి ఊళ్లో పద్యనాటకాలు హార్మోనియం లేకుండా ఆడారంటారా?

బెజవాడ శ్రోత:
బిగుసుకుపోయిందన్నారు కాబట్టి చెబుతున్నా. నేను ఈయన పక్కన కూర్చుని విన్నాను. పాడే ఆవిడ గొంతు జార్చే చోట ఈయన వేళ్లు ఎత్తేస్తారు. చరణం ఆగగానే ఆ సందులో అందుకుంటారు, బుర్రకథలో వంత పలికినట్టే. ఆర్కెస్ట్రాలో అలా వాయిస్తే మర్నాడు పిలవరు!

గుంటూరు మాస్టారు:
ఇది వినాల్సిన సంగతే. రికార్డింగులున్నాయా?

బెజవాడ శ్రోత:
ఒక్కటీ లేదండీ. పెట్టె కూడా మూలన పడింది. తిత్తిలో గాలి నిలవట్లేదు, లోపల స్వరం పలికే రేకులు, రీడ్లు, తుప్పు పట్టి రెండు స్వరాలు మూగబోయాయి. బాగుచేసేవాళ్ల కోసం వెతుకుతున్నా.

గుంటూరు మాస్టారు:
అయితే శాలువా, జ్ఞాపిక ఖర్చు ముందు దానికి పెట్టండి. నా వంతు వెయ్యి. జానపదం అన్న మాట దగ్గర మాత్రం నేనింకా మెత్తబడలేదు, విన్నాక చెబుతా.

తెనాలి అల్లుడు:
రికార్డు చేయడానికి నేనొస్తా. ఎండలు తగ్గాక పెట్టండి బాబూ. మే నెల బెజవాడలో పది కిలోల పెట్టె మొయ్యమంటే ఆయనే వద్దంటారు.