చాందా ఎండలో మస్టాంగ్‌కి నైట్రస్ పెట్టడం సేఫేనా?

బల్లార్షా వీ8:
అన్నలూ, మాది చాందా (చంద్రపూర్) దగ్గర బల్లార్షా. 2017 మస్టాంగ్ జీటీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, మన దేశంలో అమ్మిన 5 లీటర్ల వీ8, ఆరు గేర్ల ఆటోమేటిక్. ఇంజిన్ స్టాకే, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉంది, ముందాయన ఎగ్జాస్ట్ ఒక్కటి మార్చాడు. నాగపూర్‌లో ఒక గ్యారేజీవాళ్లు వంద హార్స్‌పవర్ పెంచే వెట్ కిట్ (ఇంజిన్‌లోకి నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్‌తో పాటు అదనపు పెట్రోలు కూడా పంపే రకం) బిగిస్తాం, ఇంజిన్ కంప్యూటర్‌ని ట్యూన్ చేయడం కూడా అక్కర్లేదు, శనివారం ఇస్తే సోమవారం తీసుకెళ్లొచ్చు అంటున్నారు. టర్బో, సూపర్‌చార్జర్ ఖర్చు నా వల్ల కాదు కాబట్టి మనసు ఇటే లాగుతోంది. రోడ్డు మీద వాడను, డ్రాగ్ ఈవెంట్లకి (తిన్నటి ట్రాక్ మీద జరిగే పోటీలకి) మాత్రమే. రాజురా రోడ్డులో బొగ్గు టిప్పర్ల మధ్య నైట్రస్ నొక్కే పిచ్చి నాకు లేదు.

నా టెన్షన్ అంతా బాటిల్ గురించే. డిక్కీలో పెడతారట. మే నెలలో మా దగ్గర బయటే 46, 47 ఉంటుంది, ఎండలో ఆపిన కారు డిక్కీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది పేలుతుందా? ఆ గ్యారేజీలో అడిగితే నవ్వి ఊరుకున్నారు.

పెన్‌గంగ పిస్టన్:
తమ్మీ, పేలడం దాకా ఎందుకు, అంతకంటే ముందే ఇంజిన్ పోతుంది, అదీ ఎండ వల్లే. ఎలాగో చెప్తా, కొంచెం పొడుగు.

బాటిల్‌లో నైట్రస్ ద్రవంగా ఉంటుంది, దాని ప్రెషర్ వేడిని బట్టి మారుతుంది. 10 డిగ్రీల దగ్గర సుమారు 580 పీఎస్ఐ, 20 దగ్గర 730, 30 దగ్గర 910. కిట్‌లో వచ్చే జెట్లు (నైట్రస్, పెట్రోలు ఎంత రావాలో కొలిచే సన్నటి రంధ్రాలు) ఎక్కువగా 900, 950 మధ్య ప్రెషర్ ఉంటుందన్న లెక్కతో ఇస్తారు. డిసెంబర్ రాత్రి ప్రెషర్ పడిపోయి నైట్రస్ తక్కువ వస్తే పెట్రోలు ఎక్కువై బండి మందంగా లాగుతుంది, అంతే. ఎండాకాలం వ్యవహారం దీనికి పూర్తిగా తిరగబడుతుంది. నైట్రస్ తోసుకుంటూ వచ్చేస్తుంది, పెట్రోలు జెట్ మాత్రం పంపు ఇచ్చిన ప్రెషర్‌కి ఎంత రావాలో అంతే ఇస్తుంది, మిక్స్చర్ లీన్ అయిపోతుంది, అంటే పెట్రోలు తక్కువ పడుతుంది. నైట్రస్‌లో బరువు లెక్కన 36 శాతం ఆక్సిజన్, గాలిలో 23 శాతమే. ఆ పై ఆక్సిజన్‌కి తగ్గ పెట్రోలు లేకపోతే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ మీద రింగులు కూర్చునే గట్లు విరుగుతాయి, లేదా పిస్టనే కరుగుతుంది. నైట్రస్ పెట్టి ఇంజిన్ పోగొట్టుకున్నాడు అని మనం వినే కథల్లో చాలావాటి వెనక ఉండేది పెట్రోలు చాలకపోవడమే.

ఇక 36.4 డిగ్రీలు దాటితే నైట్రస్‌లో ద్రవం, ఆవిరి అనే తేడానే ఉండదు. అక్కడి నుంచి ప్రెషర్ ఎంత పెరుగుతుందన్నది బాటిల్‌ని ఎంత నింపారన్న దాని మీద ఉంటుంది, నిండుగా ఉన్న బాటిల్ అయితే గబగబా ఎక్కేస్తుంది. మనకి ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 36 దాటుతుంది కదా. అందుకే కాటా మీద తూచి నింపించాలి, బాటిల్ మీద ఉన్న బరువు దాటనివ్వకూడదు. వాల్వ్ దగ్గర బర్స్ట్ డిస్క్ అని పలచటి రేకు ఉంటుంది, మామూలుగా 3,000 పీఎస్ఐకి చిరిగి గ్యాస్ వదిలేస్తుంది. బాటిల్ పేలకుండా కాపాడేది అదే. కానీ డిక్కీలో చిరిగితే ఆ గ్యాస్ అంతా నీ వెనక సీటు సందుల్లోంచి లోపలికి వస్తుంది, అద్దాల నిండా తెల్లటి పొగ, పీల్చుకోవడానికి ఆక్సిజన్ ఉండదు. డిస్క్ దగ్గర నుంచి కారు బయటికి వెళ్లే బ్లో డౌన్ ట్యూబ్ లేకుండా బాటిల్‌ని డిక్కీలో పెట్టనివ్వకు.

నేనైతే బాటిల్‌ని రోజూ బండిలో ఉంచనే ఉంచను. ఈవెంట్ ఉన్నప్పుడు బిగించాలి, అయిపోగానే విప్పేసి, వాల్వ్ మూసి, గాలి ఆడే నీడలో నిలబెట్టి గొలుసుతో కట్టాలి. ట్రాక్ దగ్గర వేడెక్కితే తడి గోనెసంచి కప్పి గేజ్ చూస్తూ ఉండు, 950 కిందికి వచ్చాకే రన్‌కి వెళ్లు. చలికాలం ప్రెషర్ చాలట్లేదని కొందరు గ్యాస్ టార్చ్‌తో కాలుస్తారు, అలాంటివాళ్ల పక్కన కూడా నిలబడొద్దు. అలా కాల్చినచోట బాటిల్ గోడ మెత్తబడుతుంది, డిస్క్ చిరిగే లోపే బాటిల్ పగిలిపోవచ్చు.

గోదారి గేర్‌బాక్స్:
ట్యూన్ అక్కర్లేదు అన్నప్పుడే లేచి వచ్చేయాల్సింది తమ్ముడూ. 50 హార్స్‌పవర్‌కి సుమారు 2 డిగ్రీల టైమింగ్ (ప్లగ్గు ఎంత ముందుగా నిప్పు రాజేస్తుందన్నది) తగ్గించాలని పాత లెక్క, నీ వంద హార్స్‌పవర్‌కి 4. ఆ ఇంజిన్ కంప్రెషన్ 11కి 1, స్టాక్ టైమింగ్ మీద మామూలు పెట్రోలు పోసి నొక్కితే ఏమవుతుందో పైన అన్న చెప్పాడు. కనీసం 95 ఆక్టేన్ పోయించు, ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి (వేడిని త్వరగా వదిలేవి) వేయించి గ్యాప్ తగ్గించు.

ఎవరూ మాట్లాడని ఇంకో విషయం ఉంది, ఈ20. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్ కలపని పెట్రోలు ఒక కిలోకి గాలి 14.7 కిలోలు కావాలంటే దీనికి 13.5 దగ్గర, అంటే అదే ఆక్సిజన్‌కి పెట్రోలు ఎక్కువ కావాలి. నీ బండి మామూలుగా నడిచేటప్పుడు ఇంజెక్టర్లని కంప్యూటర్ సరిచేసుకుంటుంది, వెట్ కిట్ పెట్రోలు జెట్‌కి ఆ తెలివి లేదు, దాని రంధ్రం ఎంతో అంతే. కిట్‌తో వచ్చే చార్టు మన ఈ20ని చూసి రాసింది కాదు. జెట్ ఒక సైజు పెంచి, డైనో (బండిని నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద వైడ్‌బ్యాండ్ (గాలి, పెట్రోలు పాళ్లు చూపే సెన్సర్) పెట్టి చూసుకోవాల్సిందే.

మాణిక్‌గఢ్ మైలేజ్:
నా మాట వింటే టైర్లు, బ్రేక్ ప్యాడ్లు మార్చుకుని మిగిలిన డబ్బుతో పెట్రోలు కొట్టించుకో భావూ. 400కి దగ్గర హార్స్‌పవర్ ఉన్న బండికి చాందాలో ఇంకో వంద ఎక్కడ వాడతావ్.

ఎంహెచ్ 34:
కాగితాల సంగతి నేను చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ కింద ఓనర్‌కి మార్పుకి 5,000 చొప్పున జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్‌వాళ్లకి చెప్పకుండా పెడితే యాక్సిడెంట్ రోజున క్లెయిమ్ తోసిపుచ్చడానికి వాళ్లకి మంచి సాకు దొరుకుతుంది. ట్రాక్‌కి ట్రక్కు మీద తీసుకెళ్లే బండి అయితే వేరు, నీది రోజూ తిరిగే బండిలా ఉంది.

బాటిల్‌కి కూడా రూల్స్ ఉన్నాయి. 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం సిలిండర్ పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదించిన రకం అయి ఉండాలి, నింపేవాళ్లకి లైసెన్స్ ఉండాలి. పెసో హెడ్డాఫీసు నాగపూర్‌లోనే ఉంది, నీకు అడగడం కష్టం కాదు. ఆసుపత్రి సిలిండర్ నుంచి ఎక్కించి ఇస్తాం అనేవాళ్లు తగులుతారు, వాళ్ల జోలికి పోకు. వాళ్లు కాటా వాడరు, గొట్టం తగిలించి అందాజాగా నింపుతారు.

బల్లార్షా వీ8:
థ్యాంక్స్ అన్నలూ, ఈ20 సంగతి అసలు తట్టలేదు. గ్యారేజీకి ఫోన్ చేసి బ్లో డౌన్ ట్యూబ్ అడిగితే అది ఎక్స్‌ట్రా అన్నారు, విండో స్విచ్ (ఇంజిన్ వేగం ఒక హద్దులో ఉన్నప్పుడే నైట్రస్ వదిలేది) కూడా ఎక్స్‌ట్రానే అన్నారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి విండో స్విచ్ తప్పనిసరా? ఒక బటన్ పెట్టి నేనే నొక్కుకుంటే సరిపోదా?

పెన్‌గంగ పిస్టన్:
సరిపోదు. 3,000 ఆర్‌పీఎం కింద వెట్ నైట్రస్ వదిలితే గాలి వేగం చాలక పెట్రోలు మానిఫోల్డ్‌లోనే (ఇంజిన్‌కి గాలి పంపే గొట్టాల్లోనే) మడుగు కడుతుంది, నీ బండికి ఉన్నది ప్లాస్టిక్ మానిఫోల్డ్, మంట వెనక్కి తన్నితే, ఒక్క బ్యాక్‌ఫైర్‌కి ముక్కలవుతుంది. పైన రెడ్‌లైన్ (ఇంజిన్ వేగం చివరి హద్దు) కొట్టినప్పుడు కంప్యూటర్ ఇంజెక్టర్లని ఆపుతుంది, నైట్రస్ మాత్రం వస్తూనే ఉంటుంది. కాబట్టి 3,000 దాటాక మొదలై రెడ్‌లైన్‌కి నాలుగైదు వందల ముందే ఆగాలి, అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే. గేర్ మారే క్షణంలో నీ వేలు ఇవన్నీ చూసుకోలేదు. మస్టాంగ్ థ్రాటిల్ కేబుల్‌ది కాదు, ఎలక్ట్రానిక్, పెడల్ కింద మైక్రోస్విచ్ అతికిస్తే థ్రాటిల్ నిజంగా ఎంత తెరుచుకుందో దానికి తెలియదు, థ్రాటిల్ సెన్సర్ వోల్టేజీ చదివే కంట్రోలర్ కావాలి. పెట్రోలు ప్రెషర్ పడిపోతే నైట్రస్ సోలినాయిడ్‌ని (కరెంటుతో తెరుచుకునే వాల్వ్‌ని) ఆపేసే సేఫ్టీ స్విచ్ కూడా అడుగు.

ఇవి ఎక్స్‌ట్రా అనే చోట పని చేయించకు. డైనో ఉన్న ట్యూనర్ నాగపూర్‌లో దొరక్కపోతే పుణె గానీ హైదరాబాద్ గానీ వెళ్లు, ముందు 50 హార్స్‌పవర్ జెట్లతో లాగించి ప్లగ్గులు విప్పి చూడమను. పింగాణీ మీద నల్లటి చుక్కలో, మెరిసే అల్యూమినియం రవ్వలో కనిపిస్తే వందకి వెళ్లొద్దు.